మారుతి బండిలో ఏ ఇంజన్ ఉందో బ్లాక్ మీది కోడ్ చూసి చెప్పడం ఎలా?

కూకట్‌పల్లి కుర్రాడు:
సెకండ్ హ్యాండ్‌లో 2010 వ్యాగన్ ఆర్ ఒకటి చూశాను. అమ్మే ఆయన "ఇది కె సిరీస్, చైన్ ఇంజన్, బెల్ట్ మార్చే ఖర్చే ఉండదు" అంటున్నాడు. బానెట్ ఎత్తి చూస్తే నాకు ఏమీ అర్థం కాలేదు. ఆర్‌సీలో ఇంజన్ నంబర్ మాత్రం ఎఫ్10డిఎన్ అని మొదలవుతోంది. ఇది కె సిరీసేనా? అడ్వాన్స్ ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ బాబాయ్:
కాదు బాబూ. ఎఫ్10డి అంటే పాత 1061 సీసీ ఇంజన్. నాలుగు సిలిండర్లు, టైమింగ్ బెల్ట్ (వాల్వులను సమయానికి తెరిచి మూసేలా తిప్పే రబ్బరు పట్టీ, అరిగితే మార్చాలి). ఆయన చెప్పేది కె10బి, అది 998 సీసీ, మూడు సిలిండర్లు, చైన్. వ్యాగన్ ఆర్‌కి కె సిరీస్ వచ్చింది 2010లోనే కాబట్టి ఆ ఏడాది బండ్లలో రెండు రకాలూ తిరుగుతున్నాయి. "2010 మోడల్" అన్న మాటతో ఏదీ తేలదు.

మారుతి కోడ్ చదవడం కష్టం కాదు. మొదటి అక్షరం ఇంజన్ కుటుంబం. అంకె కెపాసిటీ: 8 అంటే 800 సీసీకి దగ్గర, 13 అంటే 1300కి దగ్గర. చివరి అక్షరం అందులో ఏ రకమో చెబుతుంది. పాత 800, ఓమ్నీల్లో ఎఫ్8బి, ఆల్టోలో ఎఫ్8డి. రెండూ 796 సీసీయే, కానీ బి అంటే ఆరు వాల్వులు, డి అంటే పన్నెండు. హెడ్ (వాల్వులుండే పై భాగం) సామాను ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

వరంగల్ వీల్స్:
బాబాయ్ చెప్పింది కరెక్ట్. కానీ ఆర్‌సీ చూసి ఆగిపోవద్దు, బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజన్ మొద్దు) మీద కూడా చూడండి. పదిహేనేళ్ల బండి, మధ్యలో ఎవరైనా గుజరీ నుంచి ఇంజన్ తెచ్చి బిగించారేమో ఎవరికి తెలుసు? చాలా బండ్లలో నంబర్ బ్లాక్ గేర్‌బాక్స్‌తో కలిసే దగ్గర చదునైన చోట ఉంటుంది. నూనె, మట్టి పట్టి అసలు కనపడదు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, చాక్‌పీస్ అడ్డంగా రుద్దండి. అక్షరాలు లోపలికి ఉంటాయి కాబట్టి చుట్టూ తెల్లబడి గాడి మాత్రం నల్లగా తేలుతుంది. ఫోన్ టార్చ్ ఎదురుగా కాకుండా పక్కనుంచి పట్టుకుని ఫొటో తీయండి. బి, 8 ఒకేలా కనపడతాయి, డి అయితే సున్నా అనుకుంటారు. కాబట్టి పెద్దది చేసి చూడండి.

కాజీపేట కార్బురేటర్:
ఇంకో ముక్క. బ్లాక్ మీద పైకి ఉబ్బి ఉండే అక్షరాలు కూడా ఉంటాయి. అవి పోతపోసినప్పుడు అచ్చులో పడ్డవి. వాటిని చూసి "నంబర్ కలవడం లేదు" అని కంగారు పడేవాళ్లు చాలామంది. మీకు కావాల్సింది పంచ్ కొట్టింది, లోపలికి దిగి ఉండేది. ఆ పంచ్ చుట్టూ గ్రైండర్ గీతలు కనిపించినా, ఒక అంకె లోతుగా, పక్కది పైపైన ఉన్నా బేరం అక్కడే వదిలేయండి. ధర ఎంత తగ్గించినా సరే.

జిప్సీ పిచ్చోడు:
మా జిప్సీల్లో ఇదే పెద్ద తలనొప్పి. 1985లో వచ్చిన దాంట్లో 970 సీసీ ఎఫ్10ఎ. 1996లో కింగ్ వచ్చినప్పుడు 1298 సీసీ జి13బిఎ, కార్బురేటర్. 2000లో ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) అయ్యాక జి13బిబి, పదహారు వాల్వులు. ఎ నుంచి బికి మారింది ఒక్క అక్షరమే, పవర్ మాత్రం 60 నుంచి 80 హార్స్‌పవర్‌కి పెరిగింది. "ఎంపీఎఫ్ఐ కింగ్" అని పాత బిఎ ఇంజన్ అంటగట్టేవాళ్లున్నారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మార్చినంత మాత్రాన బిబి అయిపోదు కదా!

నెల్లూరు డీజిల్:
పెట్రోల్ వాళ్లు అదృష్టవంతులు. మా డి13ఎ దగ్గర కోడ్ సగమే చెబుతుంది. ఫియట్ నుంచి వచ్చిన 1248 సీసీ మల్టీజెట్. స్విఫ్ట్, రిట్జ్‌లలో 75 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), మామూలు టర్బో. ఎర్టిగా, సియాజ్‌లలో 90 పీఎస్, వేరియబుల్ టర్బో. రెండింటి మీదా డి13ఎ అనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనేటప్పుడు "డి13ఎ కావాలి" అంటే సరిపోదు, ఏ బండి నుంచి దింపారో అడగండి, టర్బో కళ్లతో చూడండి.

కూకట్‌పల్లి కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. వెళ్లి చాక్‌పీస్ రుద్ది చూశాను. బ్లాక్ మీద కూడా ఎఫ్10డిఎన్, ఆర్‌సీలోని అంకెలే. ఇంజన్ మార్చలేదు, కె సిరీస్ అన్నది మాత్రం ఉత్తమాట. ఆయనకు ఫొటో చూపిస్తే "నాకు అమ్మినవాడు అలాగే చెప్పాడు" అన్నాడు. బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం లేదు. ఆ ఖర్చు తగ్గించమని అడిగాను, రేపు చెప్తానన్నాడు.

వరంగల్ వీల్స్:
మంచి పని చేశారు. కాగితం లేదంటే మార్చలేదనే లెక్క వేసుకోండి. కొన్న వారంలోనే బెల్ట్, టెన్షనర్ మార్పించేయండి.

ఖమ్మం కిరాయి:
నాదో ప్రశ్న. 2004 ఓమ్నీ, ఇంజన్ బోర్‌కు వచ్చింది (సిలిండర్లు అరిగిపోయాయి). వేరే ఎఫ్8బి దొరికింది. బిగించేస్తే పోలీసులతో ఇబ్బందా?

ఆటోనగర్ బాబాయ్:
అదే రకం ఇంజన్ అయినా నంబర్ మారుతుంది కదా. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం 14 రోజుల్లోపు ఆర్టీఓకి తెలిపి ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. కొన్న బిల్లు దగ్గర పెట్టుకో, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్‌సీ కాపీ కూడా అడుగు. బిల్లు ఇవ్వనంటే ఆ ఇంజన్ ఎక్కడిదో ఏమో, దాని జోలికే పోవద్దు.

ఈకో డ్రైవర్:
బాబాయ్, నా ఈకో 2019ది. షాపు అబ్బాయి కె12ఎన్ గ్యాస్కెట్ సెట్ చేతిలో పెట్టాడు. పడుతుందా?

ఆటోనగర్ బాబాయ్:
పట్టదు. నీది జి12బి, 1196 సీసీ. ఈకోకి కె12ఎన్ 2022 చివర్లో వచ్చింది. ప్యాకెట్ చింపకుండా వాపస్ ఇచ్చెయ్యి.