చెన్నై హాస్టల్లో క్రిస్మస్ ఆరాధన: పరీక్షల మధ్య ఎప్పుడు, ఎలా పెట్టుకోవాలి?

తాంబరం_హాస్టల్ (ప్రశ్న)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. తాంబరం దాటాక ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ముప్పై ఐదు మంది దాకా తెలుగు క్రైస్తవ విద్యార్థులం ఉన్నాం. నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు, కృష్ణా జిల్లా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు, కథోలికులు అందరం కలిసే ప్రార్థన చేసుకుంటాం. థియరీ పరీక్షలు డిసెంబరు 1న మొదలై 18 మధ్యాహ్నానికి అయిపోతాయి. ఇళ్లకు వెళ్లేలోపు క్యాంపస్‌లోనే ఒక క్రిస్మస్ ఆరాధన, కేరల్స్ (క్రిస్మస్ పాటలు) పెట్టుకోవాలని ఆశ. తమిళ స్నేహితులు, క్రైస్తవులు కాని రూమ్మేట్లు కూడా వస్తామంటున్నారు, మొత్తం అరవై మంది అవుతారు. ఏ రోజు పెట్టాలి, పర్మిషన్ ఎలా అడగాలి, పాటలు, కొవ్వొత్తులు, స్టారు... తెలిసిన అన్నలు, అక్కలు కాస్త వివరంగా చెప్పండి.

సాయంకాల_ప్రార్థన

తమ్ముడూ, ముందు డేటు తేల్చుకోండి. 18 సాయంత్రం మాత్రం వద్దు. చివరి పరీక్ష రాసి బయటికొచ్చిన వాళ్లు మధ్యాహ్నం రెండింటికే బ్యాగులతో గేటు దగ్గర ఉంటారు. పాడాల్సిన వాళ్లు, సౌండ్ చూడాల్సిన వాళ్లు కూడా అందులోనే ఉంటారు. నవంబరు చివర పెడదామంటే స్టడీ హాలిడేస్, పైగా ఆగమన కాలం ఇంకా మొదలై ఉండకపోవచ్చు. ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, కాబట్టి మొదటి ఆదివారం నవంబరు 27 నుంచి డిసెంబరు 3 మధ్యలో ఎప్పుడైనా పడుతుంది.

నా మాట వింటే, పరీక్షలు మొదలయ్యాక వచ్చే మొదటి శనివారం గానీ రెండో శనివారం గానీ సాయంత్రం 5 నుంచి 6:30 వరకు పెట్టండి. మరునాడు ఆదివారం కాబట్టి పరీక్ష ఉండదు. నాలుగు సంవత్సరాల టైమ్‌టేబుళ్లు పక్కపక్కన పెట్టి, సోమవారం ఎక్కువ మందికి పేపరు లేని శనివారాన్ని ఎంచుకోండి. గంటన్నర దాటనివ్వకండి. అమ్మాయిల హాస్టల్ ఇన్‌టైమ్ ఎనిమిదింటికైతే ఏడుకల్లా హాలు ఖాళీ అవ్వాలి. ఒక్కరు లేటైనా వచ్చే ఏడు వార్డెన్ మేడమ్ ఒప్పుకోరు.

పర్మిషన్ లెటరు కనీసం పది పనిదినాల ముందు స్టూడెంట్ అఫైర్స్ డీన్ గారికి, మీకు తోడుగా నిలిచే ఒక ఫ్యాకల్టీ సంతకంతో ఇవ్వండి. సబ్జెక్టు దగ్గర "క్రిస్మస్ వేడుక" అనే రాయండి. "కల్చరల్ ప్రోగ్రాం" అని రాసి లోపల ప్రార్థన చేస్తే అది దాచినట్టు అవుతుంది. మనది దాచుకోవాల్సిన పని కాదు. లెటర్లో హాలు, మొదలయ్యే టైము, ముగిసే టైము, ఎంతమంది, మైకు ఉంటుందా, తిండి ఉంటుందా, బయటి నుంచి వచ్చేవారి పేరూ ఐడీ నంబరూ, శుభ్రం చేసే బాధ్యత ఎవరిది, ఇవన్నీ ఒకే పేజీలో రావాలి. పని చెడేది ఎక్కువగా బయటి అతిథి దగ్గరే. లెటర్లో ఒక పాస్టర్ గారి పేరుండి, ఆ రోజు నలుగురు కారులో దిగితే సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేస్తారు. ఒక్కరినే పిలవండి, ఆయనకు పావుగంటే అని ముందే చెప్పండి.

క్రైస్తవులు కాని స్నేహితులు వస్తామనడం సంతోషం. వాళ్లను అతిథుల్లా చూడండి. కరపత్రాలు పంచడం, పేర్లూ ఫోన్ నంబర్లూ రాయించుకోవడం, యేసును నమ్ముతామనేవాళ్లను ముందుకు రమ్మని పిలవడం ఇవేవీ ఆ హాల్లో వద్దు. క్రిస్మస్ అంటే ఏంటో వాక్యం చదివి, పాడి చూపిస్తే చాలు. అడిగిన వాళ్లతో తర్వాత మెస్ టేబుల్ దగ్గర ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

కీబోర్డ్_కాపో

పాటల సంగతి నేను చెప్తాను బ్రదర్. అరవై మందికి ఐదు పాటలు చాలు: మూడు తెలుగు, ఒకటి తమిళం, ఒకటి ఇంగ్లీషు. అందరికీ వచ్చిన పాత కీర్తనలు తీసుకోండి. కొత్త పాటైతే స్టేజీ మీద ఎనిమిది మంది పాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. తమిళ పాట సాహిత్యం తెలుగు లిపిలో, తెలుగు పాటలది ఇంగ్లీషు లిపిలో ఒక ఏ4 కాగితం మీద రెండు వైపులా వేయించండి. ఇద్దరికి ఒకటి చొప్పున ముప్పై కాపీలు.

శ్రుతి దగ్గర అందరూ తప్పు చేస్తారు. లీడ్ పాడే అబ్బాయికి నప్పిన శ్రుతి పెడితే హాల్లో అమ్మాయిలకు పైకీ అందదు, కిందికీ అందదు. పాటలో అన్నిటికన్నా పై స్వరం చూసుకుని, దాన్ని మామూలు అమ్మాయి గొంతు అరవకుండా అందుకోగలిగే చోటికి పాట శ్రుతి మొత్తం మార్చండి (ట్రాన్స్‌పోజ్). రిహార్సల్స్ మూడు చాలు, ఒక్కోటి నలభై నిమిషాలు. మూడోది అదే హాల్లో, అదే మైకుతో చేయాలి. స్పీకరు పాడేవాళ్ల వెనక పెడితే మైకు కీచుమంటుంది. వాళ్లకన్నా ముందు, జనం వైపు తిప్పి పెట్టండి. వైర్‌లెస్ మైకుకు కొత్త బ్యాటరీలు ఒక జత జేబులో ఉండాలి.

లూకా 2వ అధ్యాయం 1 నుంచి 20 వచనాలు మూడు భాషల్లో పంచుకుని చదవండి: ఏడు వచనాలు తెలుగులో, ఏడు తమిళంలో, మిగిలిన ఆరు ఇంగ్లీషులో. మూడు భాషల్లోనూ మొత్తం చదివితే మధ్యలోనే జనం చెదిరిపోతారు.

కొవ్వొత్తులకు వేరే అనుమతి కావాలి. ఏసీ హాలుకు, పొగ సెన్సర్ ఉన్న హాలుకు ఇవ్వరు, అప్పుడు బ్యాటరీ దీపాలే. ఇస్తే మాత్రం టీ తాగే పేపరు కప్పు అడుగున చిన్న గాటు పెట్టి కొవ్వొత్తిని అందులోంచి దూర్చండి, మైనం చేతి మీద పడదు. ఇంకొక్క మాట అందరికీ ముందే చెప్పాలి: వెలుగుతున్న కొవ్వొత్తిని వంచకూడదు. వెలిగించుకునేవాళ్లే తమ ఆరిన వత్తిని దాని వైపు వంచాలి. కుర్చీల కవర్ల మీదా, చున్నీల మీదా మైనం కారేది ఇది తెలియకే. లైట్లు ఆపేది ఒక్క పాటసేపే. తలుపుల దగ్గర ఇద్దరు నిలబడాలి, నీళ్ల బకెట్టు ఒకటి పక్కనుండాలి.

హాస్టల్ బ్లాకుల్లో కేరల్స్ పాడేటప్పుడు మైకు వద్దు, గిటారు, కంజీర చాలు. ఒక్కో బ్లాకులో పది నిమిషాలు. మరునాడు పరీక్ష ఉన్న ఫ్లోరుకు అసలు వెళ్లకండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు చట్టం ప్రకారమే కుదరదు. మీరు తొమ్మిదిలోపే ముగించేయండి.

వెదురు_నక్షత్రం

స్టారు కొనొద్దు తమ్ముడూ, చేసుకోండి. ఒక మధ్యాహ్నం నలుగురు కూర్చుంటే అయిపోతుంది. కాగితం, టేపు, రంగు సెల్లోఫేన్ పారిస్ కార్నర్ ఆండర్సన్ స్ట్రీట్‌లో దొరుకుతాయి. తాంబరం నుంచి లోకల్ ఎక్కి బీచ్ స్టేషన్లో దిగితే నడిచిపోయే దూరం.

90 సెంటీమీటర్ల వెదురు బద్దలు పది కావాలి. వేలి వెడల్పు, అర సెంటీమీటరు మందం, కణుపులు గీకేసి నునుపు చేసినవి. ప్రతి బద్దకూ రెండు చివరల నుంచి 34 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గీత పెట్టండి. మధ్యలో 22 మిగులుతుంది. ఐదు బద్దల్ని ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా అల్లుతూ నక్షత్రంలా పేర్చితే, బద్దలు దాటుకునే చోట్లు సరిగ్గా ఆ గీతల మీదికే రావాలి. రాకపోతే కొసలు సమంగా లేవని అర్థం, కట్టకముందే సర్దండి. ఐదు కొసలూ బైండింగ్ వైరుతో బిగించండి. ఇలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు కలిపి కట్టండి. ఇప్పుడు లోపలి ఐదు మూలల దగ్గర రెండు చట్రాల మధ్య 15 సెంటీమీటర్ల పుల్లలు నిలబెట్టండి. స్టారు ఉబ్బెత్తుగా లేస్తుంది. మొదటి పుల్ల తేలిగ్గా పడుతుంది, ఐదోది పెట్టేటప్పుడే బద్ద విరుగుతుంది. అందుకే బద్దల్ని ముందు రాత్రి నీళ్లలో నానబెట్టండి, పుల్లలు ఎదురెదురుగా మార్చి మార్చి పెట్టండి.

చెన్నైలో డిసెంబరంటే ఇంకా ఈశాన్య రుతుపవనాల కాలమే. గాలిపటం కాగితం ఒక్క జల్లుకు జారిపోతుంది. సెల్లోఫేన్ వాడండి. దానికి మైదా జిగురు పట్టదు, పారదర్శక టేపు కావాలి. ముందూ వెనకా రెండు నక్షత్రాకారాలు, పక్కల పది సన్నటి త్రికోణాలు కత్తిరించాలి. కిందివైపు ఒక త్రికోణం అతికించకుండా వదిలేయండి, బల్బు మార్చడానికి చెయ్యి పట్టాలి. లోపల 7 లేదా 9 వాట్ల ఎల్ఈడీ చాలు, పాత ఫిలమెంటు బల్బు వేడికి సెల్లోఫేన్ ముడుచుకుపోతుంది. వైరు నేరుగా హోల్డర్లోకి దిగకుండా, హోల్డరుకన్నా జానెడు కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా కట్టండి. నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. సన్‌షేడ్ కింద వేలాడదీసి, ప్లగ్గు ఎక్కడ పెట్టాలో హాస్టల్ ఎలక్ట్రీషియన్ని అడగండి.

తాంబరం_హాస్టల్

అన్నలందరికీ వందనాలు, శనివారం సాయంత్రమే ఖాయం చేస్తున్నాం. ఇంకో రెండు ప్రశ్నలు. విజయవాడ వైపు టికెట్లు ఎప్పుడు తీయాలి? ఇంటర్న్‌షిప్ వల్ల ఆరుగురు 25న ఇక్కడే ఉండిపోతున్నారు, వాళ్లు ఎక్కడికి వెళ్లాలి? ఇంకా, హాస్టల్లో అందరూ క్రిస్ మామ్, క్రిస్ చైల్డ్ ఆడదామంటున్నారు (చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లు చైల్డ్, వాళ్లకు గుట్టుగా బహుమతి ఇచ్చేవాళ్లు మామ్).

సెంట్రల్_ప్లాట్‌ఫాం

రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజుల ముందు కాదు, 2024 నవంబరు నుంచి 60 రోజులే. డిసెంబరు 19 ప్రయాణానికి అక్టోబరు 20న, 23 ప్రయాణానికి అక్టోబరు 24న, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. రాత్రి బండ్లలో స్లీపర్ దొరక్కపోతే పగటి బండ్లు చూడండి. సెంట్రల్ నుంచి జనశతాబ్ది ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి, పినాకిని మధ్యాహ్నం బయలుదేరి రాత్రికి, గూడూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా విజయవాడ చేరతాయి. తత్కాల్ మీదే ఆశ పెట్టుకుంటే ఐఆర్‌సీటీసీ (రైలు టికెట్ల) అకౌంటుకు ఆధార్ ఇప్పుడే లింక్ చేసుకోండి, 2025 జులై నుంచి అది లేకుండా ఆన్‌లైన్ తత్కాల్ రాదు. ప్రయాణానికి ముందు రోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కీ సెకండ్ సిట్టింగ్‌కీ 11 గంటలకు. ఒక జాగ్రత్త: 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపానుకు నగరమంతా నీళ్లలో ఉంది, రైళ్లు ఆగాయి, పరీక్షలు వాయిదా పడ్డాయి. చివరి పరీక్ష రోజు రాత్రికే టికెట్ తీసుకోకుండా ఒక రోజు ఎడం ఉంచండి.

25న ఉండిపోయేవాళ్లకు: కథోలికులైతే శాంథోమ్ బసిలికా ఉంది. ఇంగ్లీషు ఆరాధన కావాలంటే ఎగ్మోర్‌లోని సెయింట్ ఆండ్రూస్ కర్క్, లేదా కథీడ్రల్ రోడ్డులోని సెయింట్ జార్జ్ కథీడ్రల్. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సీఎస్ఐ, ఏర్పడింది ఆ కథీడ్రల్‌లోనే. మీలో ఉన్న కృష్ణా జిల్లా పిల్లలు తప్పకుండా చూడాల్సిన చోటు. టైములు ఆ వారం ఫోన్ చేసి కనుక్కోండి. 24 అర్ధరాత్రి ఆరాధనకైతే తిరుగు దారి ముందే చూసుకోవాలి: అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము దాకా లోకల్ బండ్లుండవు, హాస్టల్ గేటూ తెరవరు. నైట్ అవుట్‌పాస్ 22లోపే రాయించుకుని, ఆరుగురూ కలిసే వెళ్లి కలిసే రండి. లేదంటే తాంబరంలోనే దగ్గరి సంఘంలో 25 ఉదయం మొదటి ఆరాధనకు వెళ్లండి. ఆ రోజు మెస్ ఒకపూటే ఉండొచ్చు, ముందే అడగండి. ఇంటికి వెళ్లేవాళ్లు ఆ ఆరుగురికి ఒక కేకు, అరిసెలు కొన్ని వదిలి వెళ్లండి. పండగ రోజు హాస్టల్ ఎంత ఖాళీగా ఉంటుందో ఆ పిల్లలకే తెలుస్తుంది.

సాయంకాల_ప్రార్థన

క్రిస్ మామ్ ఆటకు నాలుగు నియమాలు చాలు తమ్ముడూ. చీటీలు తీసింది మొదలు పేర్లు బయటపెట్టేదాకా వారం రోజులే. బహుమతి 150 రూపాయలు మించకూడదు. డేర్‌లు (మామ్ చైల్డ్‌తో చేయించే చిలిపి పనులు) రాత్రి పూట వద్దు, ఎవరి కులం, రంగు, ఒళ్లు మీదా ఉండకూడదు. నాలుగోది, ముగ్గుర్ని చీటీల్లో కలపకుండా అదనంగా పెట్టుకోండి. ఎవరి మామ్ అయినా ముందే ఊరెళ్లిపోతే, ఆ చైల్డ్ చివరి రోజు వట్టి చేతులతో కూర్చోకుండా వీళ్లలో ఒకరు చూసుకుంటారు.

కేకు మూడు కిలోలు చెప్పండి, 50 గ్రాముల ముక్కలు అరవై వస్తాయి. గుడ్డు తినని స్నేహితులుంటే అందులో ఒక కిలో ఎగ్‌లెస్. దాన్ని వేరే పళ్లెంలో, వేరే కత్తితో కోయండి.