అప్‌డేట్: యమహా ఆర్15 బైక్‌కి హ్యాండిల్ ఎత్తు పెంచాక ఎడమకి తిప్పితే రేస్ పెరిగే సమస్య తీరింది

క్లిప్-ఆన్‌ల (రెండు ముక్కలుగా ఫోర్క్‌కి బిగించే హ్యాండిల్) కింద 40 ఎంఎం రైజర్లు (ఎత్తు పెంచే ముక్కలు) వేశాక, యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఐడిల్‌లో ఉన్నప్పుడు హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పితే ఆర్‌పీఎం (ఇంజిన్ రేస్) దానంతటదే పెరుగుతోందని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "కేబుల్ లాగుతోంది చూడు" అన్నవాళ్లే కరెక్ట్.

యాక్సిలరేటర్ కేబుల్ పాత దారిలోనే, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు) బయటినుంచి చుట్టుకుని ఉంది. ఎత్తు పెరిగేసరికి బిగుసుకుపోయింది. మెకానిక్ దాన్ని ఫోర్క్ లోపలివైపు నుంచి తిప్పి, గ్రిప్ దగ్గర 3–5 ఎంఎం ఆట (వదులు) ఉంచాడు. క్లచ్ కేబుల్‌కీ అలాగే, లివర్ చివర 10–15 ఎంఎం ఆట.

అసలు ప్రమాదం వేరే ఉంది. కుడికి తిప్పినప్పుడు ముందు బ్రేక్ హోస్ (ఫ్లూయిడ్ వెళ్లే పైపు) బాంజో బోల్ట్ (దాన్ని బిగించే బోల్ట్) దగ్గర తీగలా లాక్కుపోతోంది, రబ్బరు మీద తెల్లటి గీతలు కూడా పడ్డాయి. పాతదానికంటే 100 ఎంఎం ఎక్కువ పొడవున్న హోస్, కొత్త రాగి వాషర్లు, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ వేసి బ్రేక్ లైన్‌లో గాలి తీయించాను. రైజర్లు కొనేటప్పుడే హోస్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

ఈ సమస్యకి థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) క్లీనింగ్ దండగ. సెన్సార్ జోలికి పోనవసరమే లేదు.

బిగించాక హ్యాండిల్ సెంటర్‌లో ఉంచి స్టార్ట్ చేసి, రెండువైపులా లాక్ దాకా (పూర్తిగా తిరిగి ఆగేదాకా) నెమ్మదిగా తిప్పండి. రేస్ కదలకూడదు, బొటనవేలు ట్యాంకుకి నొక్కుకోకూడదు.