దరఖాస్తు ఇస్తే కదులుతుందా, రోడ్డెక్కితేనే కదులుతుందా?

మూడో గల్లీ:
సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి. ఓటు వేసిన రోజు తప్ప ప్రభుత్వం మీద మనకు పట్టు అనేది ఉందా అసలు? మా గల్లీ మురికికాల్వ గురించి మూడు సోమవారాలు ఆఫీసుకు పోయి దరఖాస్తు ఇచ్చాను. బయట చెట్టు కింద కూర్చుని రాసిపెట్టే ఆయన యాభై తీసుకుంటాడు, లోపల సారు మూలకు ఏదో గీకి పక్క టేబుల్‌కు తోస్తాడు, మనకు ఓ రశీదు. నెల తిరిగాక ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. అది చదివేటప్పుడు నేను ఆ కాల్వ పక్కనే ముక్కు మూసుకొని నిలబడి ఉన్నా.

రైతుబిడ్డ:
అన్నా, ఒక్కడివి పోతే అంతే. 2022లో వరంగల్ ఔటర్ రింగ్ రోడ్డు పేరుతో 27 ఊర్లలో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్, అంటే రైతుల భూముల సమీకరణ అన్నారు గుర్తుందా? మా నాన్న పట్టా పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొని ధర్నాకు పోయేవాడు, ఎవరడిగినా తీసి చూపించేవాడు, రాత్రి తలకింద పెట్టుకొని పడుకునేవాడు. పార్టీలు చూడకుండా ఊర్లన్నీ ఒక్కటయ్యాయి, చివరికి సర్కారు వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో భూములు పోతాయని రైతులు ఎదిరించిన కామారెడ్డి పట్టణ మాస్టర్ ప్లాన్ కూడా అంతే కదా, మున్సిపల్ కౌన్సిలే రద్దు చేస్తూ తీర్మానం చేసింది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వాళ్లు ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపించారు. పట్టు లేదంటావేంది?

మూడో గల్లీ:
నువ్వు చెప్పిన మూడూ ఆపినవే, గమనించావా? వద్దు అంటే ఆగింది. కావాలి అంటే వచ్చింది ఒకటి చెప్పు. ఇంకో మాట, మీవి 27 ఊర్లు, మా గల్లీలో 14 ఇళ్లు. మేం రోడ్డు మీద కూర్చుంటే ఆటోవాళ్లు హారన్ కొడతారు, అంతే.

ఆర్మూర్ పసుపు:
కావాలి అంటే వచ్చింది మా పసుపు బోర్డు. ఎంత కాలానికి వచ్చిందో కూడా చెప్తా. 2019లో నిజామాబాద్ ఎంపీ సీటుకు 185 మంది పోటీ చేశారు, అందులో 170 మందికి పైగా బోర్డు, మద్దతు ధర కావాలని నిలబడ్డ రైతులమే. బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సొచ్చింది, మా అవ్వ తన గుర్తు వెతుక్కోలేక విసుక్కుంది. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు, గెలిచినాయన బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చి ఉన్నారు. బోర్డు ప్రారంభమైంది 2025 జనవరిలో, సంక్రాంతికి. అంటే దగ్గర దగ్గర ఆరేళ్లు. మేం బోర్డుతో పాటు అడిగిన మద్దతు ధర మాత్రం ఇంకా లేదు, మార్కెట్ ఎటు పోతే మేమూ అటే. గెలిచామనాలో ఓడామనాలో నాకే తెలియదు.

చాయ్ బిస్కెట్:
పైరవీ ఉంటే పని అవుతుంది, లేకపోతే లేదు. దీనికింత చర్చ ఎందుకు.

పరకాల అక్క:
తమ్ముడూ, ఊకె అట్లా కొట్టేయకు. ఓటు వేసిన రోజన్నా పట్టు ఉందన్నారు కదా, ఆ రోజు కూడా వాళ్లు పెట్టినప్పుడే. 2024 ఫిబ్రవరి నుంచి ఊర్లల్లో సర్పంచులు లేకుండా ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఐదేళ్లు నిండేలోగా ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలోనే ఉంది. హైకోర్టు 2025 సెప్టెంబరు 30 లోపు పెట్టమన్నా అవి జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో వీధిలైట్ పోతే ఎవరిని అడగాలి? మా ప్రత్యేకాధికారికి ఇంకా రెండు ఊర్ల బాధ్యత ఉండేది, పాపం ఆయన తప్పు కూడా కాదు. అయినా 2025 జనవరి గ్రామసభలో మా దగ్గర మైకులో ఇందిరమ్మ ఇళ్ల పేర్లు చదువుతుంటే వెనక నుంచి ఒక ముసలామె లేచి "ఆ పేరోడికి మేడ ఉంది, నా రేకులు చూసినవా" అన్నది. చదివేటాయన ఆగిపోయాడు. ఆమెకు ఇల్లు వచ్చిందా అంటే రాలేదు. కానీ ఆ మేడ పేరు మీద పెన్నుతో గీత పడటం నేను చూసిన.

రిటైర్డ్ గుమాస్తా:
ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినవాణ్ని కాబట్టి చెప్తున్నా. దరఖాస్తు మీద పరిష్కరించాం అని రాయడం తేలిక, ఎందుకంటే ఏం పరిష్కరించారని ఎవరూ తిరిగి అడగరు. కాల్వకు ఎస్టిమేట్ వేసి శాంక్షన్ రాకపోతే ఇంజినీరు ఏం చేస్తాడు? కాబట్టి బాబూ, ధర్నా పక్కన పెట్టి సమాచార హక్కు కింద అడుగు. ఎందుకు చేయలేదు అని రాయొద్దు, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఫలానా తేదీ దరఖాస్తు మీద తీసుకున్న చర్యల నోట్ ఫైలు కాపీ, ఆ పనికి వేసిన ఎస్టిమేట్ కాపీ అని రాయి. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు. కాల్వ కట్టరు, నేనూ ఒప్పుకుంటా. కానీ పరిష్కరించబడింది అని రాసిన మనిషి సంతకం నీ చేతికి వస్తుంది, ఆ తర్వాత ఆ టేబుల్ దగ్గర నీతో మాట్లాడే తీరు మారుతుంది.

రైతుబిడ్డ:
సార్ చెప్పింది బాగుంది కానీ ఆ 14 ఇళ్ల వాళ్లవీ 14 దరఖాస్తులు పడాలి. ఒక్కటి పడితే పక్కకు పెడతారు.

మూడో గల్లీ:
14 మందిని కూర్చోబెట్టి రాయించడం కాల్వ తవ్వడం కంటే కష్టం, మా ఇంటి పక్కాయన సంతకమే పెట్టనన్నాడు, కార్పొరేటర్‌కు చుట్టం. సరే, ఆరుగురు వస్తామన్నారు. సార్, సమాచార హక్కు దరఖాస్తుకు ఆ పది రూపాయల ఫీజు ఎట్లా కట్టాలి?

రిటైర్డ్ గుమాస్తా:
కోర్టు ఫీ స్టాంపు అంటించు, చాలు. ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, నీ నకలు మీద తేదీతో సీలు వేయించుకోకుండా మాత్రం అక్కణ్నుంచి కదలకు.