1.5 మీటర్లు, 16 సెకన్లు: ఉలువాటు రీఫ్ మీద దిగొచ్చా, వద్దా?

కెరటాల_రమణ:
సర్ఫింగ్ కోసం వచ్చే వారం బాలిలో ఉంటాను, ఉలువాటు అనే చోట. ఉలువాటుకి ఫోర్‌కాస్ట్ 1.5 మీటర్ల స్వెల్ (దూరం నుంచి వచ్చే అలలు), 16 సెకన్ల పీరియడ్ (అలకీ అలకీ మధ్య సమయం), నైరుతి దిక్కు నుంచి అని చూపిస్తోంది. గాలి ఆగ్నేయం. నాకు రెండేళ్ల అనుభవం ఉంది, అదంతా ఇసుక తీరాల్లోనే. ఇసుక మీద 1.5 మీటర్లలో చాలాసార్లు దిగాను. రీఫ్ (నీటి అడుగున ఉండే పగడపు గట్టు) మీద ఇదే మొదటిసారి. దిగొచ్చా?

అలజడి:
1.5 మీటర్లంటే ఐదు అడుగులు. ఛాతీ ఎత్తు. ఇంతకుముందే చేశానంటున్నారు కదా, టెన్షన్ ఎందుకు? వెళ్లండి.

లెక్కలమనిషి:
అలజడి గారూ, ఎత్తు ఒక్కటే చూడకండి. 8 సెకన్ల అల పొడవు లోతు నీళ్లలో సుమారు 100 మీటర్లు. 16 సెకన్లదైతే సుమారు 400. పొడవులో సగం లోతు దగ్గర అలకు అడుగు తగలడం మొదలవుతుంది. అంటే ఒకటి 50 మీటర్ల లోతులో, రెండోది 200 మీటర్ల లోతులోనే. ఎత్తు ఒకటే అయినా 16 సెకన్ల అల మోసుకొచ్చే శక్తి రెట్టింపు. రీఫ్ దగ్గర లోతు ఒక్కసారిగా తగ్గిపోతుంది కాబట్టి ఆ శక్తి అంతా పైకి లేచి, బోలుగా మారి విరుగుతుంది. రమణ గారు ఇసుకలో చూసిన 1.5కి ఎన్ని సెకన్లు?

కెరటాల_రమణ:
ఏడు, ఎనిమిది ఉండేదండి. ఎప్పుడూ పట్టించుకోలేదు.

అలజడి:
సరే, శక్తి రెట్టింపే అనుకుందాం. ఎత్తు మాత్రం 1.5 మీటర్లే కదా? దాన్ని రెండు మీటర్లు ఎవరు చేస్తారు?

లెక్కలమనిషి:
సముద్రమే చేస్తుంది. ఫోర్‌కాస్ట్‌లో ఉండేది అన్ని అలల్లోనూ పెద్దవైన మూడో వంతుకి సగటు. కొన్ని గంటలు కూర్చుంటే దానికి దాదాపు రెట్టింపు అల ఒకటైనా వస్తుంది. పైగా పొడవు పీరియడ్ అల లోతు తక్కువైన చోట ఇంకా ఎత్తుగా లేస్తుంది. మీరు చెప్పే ఛాతీ ఎత్తు, తెరిపి దొరికినప్పుడు వచ్చే అలది. సెట్ (వరసగా వచ్చే పెద్ద అలల గుంపు) వచ్చినప్పుడు ఛాతీ ఎత్తుతో ఆగదు.

నీలిగీత:
హవాయివాళ్లయితే వెనకవైపు నుంచి కొలుస్తారు, ఆ లెక్కలో ముందువైపు ఎత్తు సుమారు రెట్టింపు. ఎవరి కొలతో ముందు తేల్చుకోండి.

అలజడి:
ఇక్కడ మీటర్లలో ఉంది, హవాయి లెక్క ఎందుకు?

ఉప్పునీరు:
కొలతలు ఆపండి. రమణ గారూ, నీటిమట్టం గురించి ఒక్కరూ చెప్పలేదు. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో బాలిలో పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్లు దాటుతుంది. నడుము లోతున్న చోట కొన్ని గంటల్లోనే పగడాలు బయటపడతాయి. ఉలువాటులో రేస్‌ట్రాక్స్ అనే భాగం నీళ్లు తగ్గేకొద్దీ బోలుగా, వేగంగా మారుతుంది. తెలిసినవాళ్లకి అది స్వర్గం.

పోయినేడు జూలైలో నేను అక్కడ పడ్డాను. గైడ్‌ని మాట్లాడుకున్నాను. "నాకు భయంగా ఉంది, నీళ్లలోకి దిగే గుహ ముందున్న పీక్ (అల మొదట విరిగే చోటు) దగ్గరే ఉంటాను" అన్నాను. "నువ్వు చేయగలవు, రా" అని రేస్‌ట్రాక్స్ వైపు తీసుకెళ్లాడు. నీళ్లు తగ్గుతున్నాయి. మూడో సెట్‌లో వీపు పగడం మీద పడింది. 14 కుట్లు పడ్డాయి, ఆపైన గాయం చీము పట్టింది. ఇప్పటికీ ఎడమ భుజం పూర్తిగా పైకి లేవదు.

పగడపుదారి:
బాధాకరమే. కానీ ఉప్పునీరు గారూ, ఎవరూ తోసెయ్యలేదు కదా? బోర్డు మీద ఈదుకుంటూ వెళ్లింది మీరే. నేను రెండు సీజన్లు గైడ్‌గా పనిచేశాను. రీఫ్ మీద పడితే చదునుగా పడాలి, తల ముందుకు పెట్టి దూకకూడదు, చేతులతో తల కప్పుకోవాలి. ఇవన్నీ ముందే చెప్తాం.

ఉప్పునీరు:
తల కప్పుకోవడం చెప్పాడు. నా మాట వినలేదు. అదీ నా బాధ.

అలజడి:
రేస్‌ట్రాక్స్‌లో నీళ్లు మోకాలి లోతా, నడుము లోతా? అది చెప్పండి.

ఉప్పునీరు:
నా వీపుకి తగిలింది, కొలిచి చూడలేదు.

లెక్కలమనిషి:
అసలు ఆ రోజు పీరియడ్ ఎంత?

ఉప్పునీరు:
నాకు తెలియదు! తెలిసి ఉంటే గైడ్ ఎందుకు? ఆ లెక్కలు తెలిసిన మనిషి పక్కన ఉంటాడనే కదా డబ్బిచ్చింది. నాకు తెలియనిది అతనికి తెలుసు. అతనికి తెలిసినా దింపాడు. రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి తమ హద్దు తమకే తెలుస్తుందని మీరంతా ఎలా అనుకుంటున్నారు?

పగడపుదారి:
ఇది రాయకూడదనుకున్నాను. నాకు సెషన్‌కి ఇంత అని ఇచ్చేవాళ్లు. "ఈరోజు వద్దు" అంటే ఆ రోజు కూలి లేదు, పైగా క్యాంప్ యజమాని దగ్గర మాట పడాలి. ఆగస్టులో వరసగా నాలుగు రోజులు పెద్ద స్వెల్ ఉంటే నాలుగు రోజులూ వద్దనలేం. ఒకసారి ఒక కుర్రాడిని నేనూ తీసుకెళ్లాను. ప్రవాహం వాడిని గుహ నోరు దాటించి పక్కనున్న పడాంగ్ తీరం వైపు లాగేసింది. వాడికేం కాలేదు. వాణ్ని బయటికి తెచ్చేసరికి గంటన్నర పట్టింది, ఆ గంటన్నర నాకు ఇంకా గుర్తుంది.

ఉప్పునీరు:
ఇందాక మీరు "ఎవరూ తోసెయ్యలేదు" అన్నారు.

పగడపుదారి:
అన్నాను. మీ విషయంలో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తప్పంతా గైడ్‌దే అంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. దిగకపోయినా డబ్బిచ్చే కస్టమర్ నాకు రెండు సీజన్లలో ఒక్కరూ తగల్లేదు.

నీలిగీత:
రమణ గారూ, దిగేముందు కొండ మీద నుంచి గంటైనా చూడండి. సెట్‌కీ సెట్‌కీ మధ్య ఎంతసేపో, జనం బయటికి ఎక్కడ వస్తున్నారో చూడండి. గుహలోకి తిరిగి రావాలంటే ప్రవాహానికి ఎగువ నుంచే గురిపెట్టాలి. పోటు నిండుగా ఉంటే గుహ నోట్లో అలలు గోడకేసి కొడతాయి.

అలజడి:
ఛాతీ ఎత్తుకి ఇంత చర్చా... సరే, పీరియడ్ సంగతి నాకు తెలియదు. ఇకపై చూస్తాను.

కెరటాల_రమణ:
అందరికీ థాంక్స్. ఉప్పునీరు గారూ, మీ భుజం గురించి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మొదటి రోజు బోర్డు లేకుండా కొండ మీదికి వెళ్తాను, నీళ్లు పూర్తిగా తగ్గేవరకు చూస్తాను. నేను మాట్లాడుకున్న గైడ్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను: మీరు వద్దన్నా ఆ రోజు డబ్బు పూర్తిగా ఇస్తాను అని. ఇంకా జవాబు రాలేదు.