'వైడ్', 'టాల్' ఆటలకు తెలుగులో ఏమందాం?

మిత్రులారా, రెండు మాటల దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆట కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం తెలుగులో చిన్న పరిచయం రాస్తున్నాను. ఒక్క ఊరితో మొదలై, వంతులవారీగా ఆడుతూ సామ్రాజ్యం దాకా వెళ్ళే ఆట అది. అందులో రాజ్యాన్ని పెంచే దారులు రెండు. కొత్త ఊళ్ళు కట్టుకుంటూ నేల కలుపుకుపోతే 'వైడ్' అంటారు. నాలుగైదు ఊళ్ళతో ఆగి, వాటిలోనే జనాన్నీ కట్టడాలనూ పెంచుకుంటే 'టాల్'.

'విస్తరణ' అని రాద్దామంటే అది రెండింటికీ సరిపోతోంది. వ్యాపారం విస్తరించిందంటే కొత్త కొట్లు తెరిచారనీ అనుకోవచ్చు, ఉన్న కొట్టే పెద్దది చేశారనీ అనుకోవచ్చు. 'అడ్డంగా పెరగడం' తెలుగులో తిట్టు. 'నిలువుగా పెరగడం' అంటే మేడ కళ్ళ ముందుకొస్తుంది గానీ రాజ్యం రాదు. మీరేమంటారు?

జవాబు:
'విరివిగా', 'దట్టంగా' అంటే ఎలా ఉంటుందండీ? విరివి అంటే వెడల్పే కదా. పైగా దట్టానికి ఎదురుగా 'పలచబడటం' ఉంది. ఊళ్ళు ఎక్కువై, ఎల్లల్లో కాపలాకు సైన్యం చాలనప్పుడు జరిగేది అదే. ఆటలో నేను ఓడిపోయినప్పుడల్లా కారణం దాదాపు ఇదే. ఆ స్థితిని ఇంత సూటిగా చెప్పే మాట తెలుగులో ఉన్నప్పుడు వదులుకోకూడదు.

జవాబు:
పలచబడటం చాలా బాగుంది, తప్పక వాడండి. దట్టం దగ్గరే చిక్కు. ఊరి పక్కనే ఊరు, సందు లేకుండా కట్టుకుపోయే పాత ఎత్తుగడ ఒకటుంది, 'ఇన్ఫినిట్ సిటీ స్ప్రాల్' అంటారు. అక్కడ ఊళ్ళు దట్టంగానే ఉంటాయి, ఆట మాత్రం వైడే. దట్టం అన్నది ఊళ్ళ మధ్యనా, ఊరి లోపలా అన్న ప్రశ్న వస్తుంది.

నిజానికి ఈ ఆటల చరిత్రలో పెద్ద భాగం ఆ ఎత్తుగడకు కళ్ళెం వేయడమే. నాలుగో భాగంలో (2005) ఊళ్ళ సంఖ్యను బట్టి, రాజధాని నుంచి దూరాన్ని బట్టి నిర్వహణ ఖర్చు పెట్టారు. ఐదో భాగంలో (2010) కొత్త ఊరు కడితే రాజ్యం మొత్తానికీ సంతోషం తగ్గేది, అందుకే నాలుగు ఊళ్ళతో ఆగిపోవడం అందరికీ అలవాటైంది. ఆరో భాగంలో (2016) సెట్లర్‌ను, అంటే కొత్త ఊరు కట్టడానికి పంపేవాణ్ణి, తయారుచేస్తే ఆ ఊరి జనాభా ఒకటి తగ్గుతుంది. తయారీ ఖర్చు మొదట 80, ఆ తర్వాత ప్రతి సెట్లర్‌కూ 30 చొప్పున పెరుగుతుంది. అయినా అక్కడ ఎక్కువ ఊళ్ళున్నవారిదే పైచేయి, ఎందుకంటే విద్యకో వాణిజ్యానికో కట్టే ప్రత్యేక పేట ఏ ఊళ్ళోనైనా రకానికి ఒక్కటే.

కాబట్టి తేడా ఆకారంలో లేదు, ఊళ్ళ లెక్కలో ఉంది. నన్నడిగితే 'పలు ఊళ్ళ ఆట', 'పెద్ద ఊళ్ళ ఆట' అని రాసేయండి.

మొదట అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్క అన్న మాటతో నాకో పద్యం గుర్తొచ్చింది. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెబుతాడు కదా, అందులోది. దేశవైశాల్యం అర్థసిద్ధికి మూలం అని మొదలవుతుంది. అక్కడితో ఆగితే అది వైడ్ ఆటే. కానీ వెంటనే, నేల కొంచెమే అయినా గుంటలు, కాలువలు తవ్వించి, పేదవాడికి పన్ను తేలిక చేసి నిలబెడితే అర్థమూ ధర్మమూ పెరుగుతాయంటాడు. మనం రెండు రోజులుగా వెతుకుతున్న జంట ఒకే తేటగీతిలో ఉంది!

ఇందులో నన్ను బాగా పట్టుకున్నది కాలువ. ఆరో భాగంలో ఊరి జనాభాకు వసతి హద్దు. నది పక్కన కట్టిన ఊరికి నీటివల్ల వచ్చే వసతి 5, నీరు లేనిచోట 2 మాత్రమే. నీటి కాలువ కడితే ఆ 2 కాస్తా 6 అవుతుంది. అంటే కొత్త నేల ఒక్క గడి కూడా కలుపుకోకుండా, కాలువతో ఊరిని పెంచడం. పద్యంలోని ఉపాయం అదే.

పద్యంలో ఇంకొకటి చూశారా? వైశాల్యం నామవాచకం, ఉంటే ఉంది, లేకపోతే లేదు. రెండోదానికి మాత్రం తవ్వించడం, తేలిక చేయడం, అన్నీ చేతల మాటలు. టాల్‌కు ఒక్క మాట దొరకకపోవడానికి కారణం ఇదేనేమో అనిపిస్తోంది, అది ఒక్క పని కాదు.

అందుకని పరిచయంలో ఇలా మార్చాను: "మొదటి వంద వంతుల్లో పరుచుకోండి. సైన్యం పలచబడుతోందనిపించిన చోట ఆగి, ఉన్న ఊళ్ళను పెంచుకోండి." వైడ్‌కు 'పరుచుకోవడం', టాల్‌కు 'ఊరు పెంచడం'. సెట్లర్‌కు ఇంకా మాట దొరకలేదు. 'వలసదారు' అంటే ఉన్న ఊరికి వచ్చేవాడు, ఇక్కడేమో లేని ఊరు కట్టడానికి వెళ్ళేవాడు కావాలి.

జవాబు:
'ఊరు కట్టేవాడు' అనే రాయండి. పొడుగైనా చదివినవాళ్ళకు అర్థం అడగాల్సిన పని ఉండదు.