సెకండ్ హ్యాండ్ కారు: హెడ్ గ్యాస్కెట్ పోయింది, డీలరు వారంటీ రాదంటున్నాడు

తాడిపత్రి బాట

అనంతపురంలో ఒక డీలరు దగ్గర కేఏ (కర్ణాటక) రిజిస్ట్రేషన్ ఉన్న పెట్రోల్ కారు 4,35,000 రూపాయలకు కొన్నాం, సొంత వాడకానికే. లెటర్‌హెడ్ మీద "ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ 6 నెలలు లేదా 7,500 కి.మీ." అని రాసి స్టాంపు వేసి ఇచ్చినాడు. అందులో మినహాయింపులేమీ రాయలేదు. మూడో నెలలో గుత్తి దగ్గర హైవే మీద బండి హీటెక్కింది. అప్పటి నుంచి రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతాండాయి. కింద చుక్క పడదు, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయింటుందని మెకానిక్ అంటాండాడు.

డీలరు మూడు మాటలు చెప్తాండాడు. హీటెక్కినా నడిపినారు కాబట్టి మీ నిర్లక్ష్యమే. ఆయిల్ బయట మార్పించినారు కాబట్టి వారంటీ పోయింది. అసలు బండి నాది కాదు, నేను మధ్యవర్తిని మాత్రమే. డబ్బు మాత్రం ఆయన సంస్థ ఖాతాకే పోయింది. ఆర్సీ ఇంకా మా పేరుకు మారలేదు. హెడ్ దించి చూద్దామని మెకానిక్ తొందర పెడతాండాడు. దించమనేదా, ఆగేదా?

షెడ్డు మేస్త్రి

ఆగండి అన్నా. మీ గొడవంతా ఒక్క విషయం మీద తేలుతుంది. హీటెక్కడం వల్ల గ్యాస్కెట్ పోయిందా, ముందే కారుతున్న గ్యాస్కెట్ నీళ్లు తాగడం వల్ల హీటెక్కిందా? డీలరుకు చెప్పకుండా హెడ్ దించితే "విప్పిన బండి, మేమేం చెప్పలేం" అని తప్పుకుంటాడు. విప్పకుండానే తెలుసుకోగలిగింది చాలా ఉంది.

మొదట బ్యాటరీ టెర్మినల్ తీయనివ్వొద్దు, స్కానర్ పెట్టినవాళ్లను ఇంజిన్ కంప్యూటర్లో నిలిచిన లోపాల కోడ్‌లు చెరిపెయ్యనివ్వొద్దు. పి0217 ఉంటే ఇంజిన్ మితిమీరి వేడెక్కినట్టు, పి0480 ఉంటే ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్‌లో లోపం. కోడ్ పడిన క్షణంలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, వేగం ఎంతో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే రికార్డులో ఉంటాయి. "చెక్ ఇంజిన్ లైటు వెలిగాక ఎన్ని కి.మీ. నడిచింది" అనే లెక్క కూడా చాలా బండ్లలో స్కానర్ చూపిస్తుంది. డీలరు మొదటి మాటకు సూటి జవాబు అదే. అయితే టెంపరేచర్ ఎర్ర లైటు వేరు, చెక్ ఇంజిన్ లైటు వేరు. మొదటిది వెలిగినా రెండోది వెలగకపోవచ్చు, అప్పుడు ఆ కి.మీ. లెక్క మీకు పనికిరాదు, ఆయనకూ పనికిరాదు. స్క్రీన్‌ను బండి నంబరు, ఓడోమీటరు కనపడేలా వీడియో తీయండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్‌కు ప్రెషర్ పంపు బిగించి, క్యాప్ మీద రాసిన ఒత్తిడి (ఎక్కువగా 0.9 నుంచి 1.1 బార్) పెట్టి పది పదిహేను నిమిషాలు చూడాలి. ముల్లు దిగుతూ బయట ఎక్కడా తడి లేకపోతే నీళ్లు లోపలికే పోతున్నాయి. తర్వాత బ్లాక్ టెస్టర్. రేడియేటర్ మూతి మీద నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టి ఇంజిన్ నడిపితే, ఆ ద్రవం పసుపుకు తిరిగిందంటే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని అర్థం. మూడోది కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో ఒత్తిడి ఎంత వస్తుందో కొలవడం. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి క్రాంక్ చేయాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలోనే తక్కువ వస్తే గ్యాస్కెట్ ఆ రెంటి మధ్య పోయింది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) కూడా చూడండి, ఆయిల్ పాలకాఫీ రంగుకు తిరిగితే ఇక స్టార్ట్ చేయకండి, బేరింగులు కూడా పోతాయి.

రేడియేటర్లో ఏముందో చూడడం మరీ ముఖ్యం. పచ్చదో ఎర్రదో కూలెంట్ ఉండాల్సిన చోట తుప్పు నీళ్లు, తెల్లటి పెచ్చులు ఉంటే అది మూడు నెలల్లో పట్టినది కాదు. మన వైపు బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, వాటిని పోస్తూ పోతే లోపలి గొట్టాల్లో సున్నం పేరుకుని వేడి బయటికి పోదు. గోధుమరంగు జిగురు పొడి కనిపిస్తే ఎవరో లీకు ఆపే మందు పోసి అమ్మారన్నమాట. ఆ నీళ్లు ఒక శుభ్రమైన సీసాలో పట్టి, ఇద్దరి సంతకాలతో సీలు వేయించండి.

పెన్నా వకీలు

పైన చెప్పినవన్నీ డీలరుకు నోటీసు పోయాకే చేయించండి. "ఫలానా తేదీన ఫలానా కంపెనీ వర్క్‌షాపులో బండిని విప్పి పరీక్షిస్తారు, మీరు గానీ మీ మెకానిక్ గానీ రావాలి, రాకపోతే రిపోర్టును అంగీకరించినట్టే" అని రాసి స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లో, వాట్సాప్‌లో పంపండి. వారం రోజులు గడువు చాలు. ఫోన్లో చెప్పిన మూడు కారణాలనూ అందులోనే రాసి, రాతపూర్వకంగా జవాబు అడగండి. ఇలాంటి డీలర్లు నోటితో ఒకటి చెప్పి, కేసు పడ్డాక ఇంకోటి చెప్తారు.

మినహాయింపులు లేని వారంటీ కాగితం మీకు పెద్ద బలం. మీకు ఇవ్వని, మీరు సంతకం చేయని షరతుల పుస్తకాన్ని తర్వాత తెచ్చి చూపిస్తే అది నిలబడడం కష్టం. ఆయిల్ సంగతి కూడా అంతే. "మా దగ్గరే సర్వీసు చేయించాలి" అని రాతలో లేనప్పుడు, సరైన గ్రేడు ఆయిల్ పోసినట్టు కి.మీ.తో సహా బిల్లుంటే చాలు. ఆ ఆయిల్ వల్లే గ్యాస్కెట్ పోయిందని ఆయన చూపించాలి, అది ఈ లక్షణాలకు అతకదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయండి. వాళ్లు రాజీకి ప్రయత్నిస్తారు, ఆదేశం ఇవ్వలేరు. ఆదేశం జిల్లా వినియోగదారుల కమిషన్ ఇవ్వాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, డీలరు బెంగళూరులో ఉన్నా సరే. మీరు చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఎదుటివాళ్లకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, అవసరమైతే ఇంకో 15. బండిని ల్యాబు పరీక్షకు పంపమని 38వ సెక్షన్ కింద అడగొచ్చు.

వారంటీ తప్పితే సాధారణంగా రిపేరు ఖర్చు, నష్టపరిహారం వస్తాయి. మొత్తం డబ్బు వాపసు కావాలంటే లోపం అమ్మినప్పుడే ఉందనీ, దాచి అమ్మారనీ నిలబెట్టాలి. ఇంకోటి, ఈ బండిని ట్యాక్సీగానో కిరాయికో తిప్పి ఉంటే "వాణిజ్య వాడకం" అని డీలరు అడ్డం పడతాడు. మీరు సొంత వాడకమన్నారు, ఫిర్యాదులో ఆ మాట స్పష్టంగా రాయండి.

హగరి గట్టు

మధ్యవర్తి మాటకు నా జవాబు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు రిజిస్ట్రేషన్ అథారిటీ ఇచ్చే ఆథరైజేషన్ ఉండాలి, అది ఫారం 29బి. ఓనరు బండిని డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29సి ఆన్‌లైన్లో పెట్టాలి, అది పెట్టాక బండికి ఓనరుగా లెక్కలోకి వచ్చేది డీలరే. ఆ రెండూ చూపించమని నోటీసులోనే అడగండి. 29సి ఉంటే మధ్యవర్తి మాట చెల్లదు. లేకపోతే రూలు తప్పినవాడు ఆయనే. ఎట్లయినా డబ్బు పడింది ఆయన ఖాతాలో, వారంటీ స్టాంపు ఆయనది.

ఆర్సీ మారలేదని వారంటీ పోదు. కానీ ఆలస్యం చేయొద్దు. కేఏ బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) వచ్చిందా, 29, 30 ఫారాల మీద పాత ఓనరు సంతకాలున్నాయా చూసుకోండి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎవరు కట్టాలో రాతలో లేకపోతే తర్వాతి గొడవ అదే.

ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత సర్వీసు చరిత్ర తీయించండి. "ఓవర్‌హీట్", "కూలెంట్ టాపప్", "వాటర్ పంపు" అన్న మాటలు పాత జాబ్ కార్డుల్లో ఉంటే కేసు సగం మీదే. కి.మీ. కూడా పోల్చండి. పాత కార్డులో 92,000 ఉండి అమ్మినప్పుడు మీటరు 61,000 చూపించి ఉంటే అది మీటరు వెనక్కి తిప్పిన మోసం, వారంటీని మించిన సంగతి.

తాడిపత్రి బాట

నోటీసు ఈరోజే పంపుతాం. విప్పే ఖర్చు ఎవరిది? కేసు తేలేదాకా బండి అట్లే పెట్టాలా? ఇంట్లో దానితోనే పని.

షెడ్డు మేస్త్రి

విప్పే కూలి ముందు మీరే కట్టాల్సి వస్తుంది. ఎస్టిమేట్‌లో విప్పి చూసే కూలి, గ్యాస్కెట్ సెట్టు, హెడ్ బోల్టులు, లేత్‌లో ఫేసింగ్ (హెడ్ ముఖాన్ని చదును చేయడం), థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు), కూలెంట్ అన్నీ విడివిడిగా రాయించండి, ఒకే మొత్తంగా వద్దు. క్లెయిములో ఏది అడగాలో అప్పుడే తేలుతుంది.

బండి నిలిపి ఉంచనక్కర్లేదు, ఆధారం నిలిస్తే చాలు. హెడ్ దించాక దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి ఫోటో తీయించండి. చాలా ఇంజిన్లకు 0.05 మి.మీ. దాటితే వంగినట్టు లెక్క, మీ మోడల్ హద్దు వర్క్‌షాపు మాన్యువల్లో చూడమనండి. హెడ్ కింది ముఖాన పాత ఫేసింగ్ గీతలు, అంచుల్లో సిలికాన్ మరకలు, కంపెనీది కాని గ్యాస్కెట్ కనిపిస్తే ఇంతకు ముందే ఒకసారి విప్పారన్నట్టు. థర్మోస్టాట్‌ను వేడి నీళ్లలో వేసి తెరుచుకుంటుందో లేదో వీడియో తీయించండి, ఫ్యాన్ రిలే కూడా చూడమనండి. ఫ్యాన్ మోటరు కాలిపోయి ఉంటే "అది ఎలక్ట్రికల్, ఇంజిన్ కాదు" అని డీలరు అంటాడు, దానికి ముందే సిద్ధంగా ఉండండి. వాటర్ పంపు, థర్మోస్టాట్ అయితే ఇంజిన్ భాగాలే అని గట్టిగా అడగొచ్చు.

పాత గ్యాస్కెట్, బోల్టులు, థర్మోస్టాట్ షెడ్డులో వదిలేయొద్దు. జాబ్ కార్డు నంబరు రాసిన కవర్లో వేసి, సర్వీస్ అడ్వైజరు సంతకం చేయించి ఇంటికి తెచ్చుకోండి. తర్వాతే కొత్త గ్యాస్కెట్ ఎక్కించమనండి.