పన్నీరు గులాబీతో క్రాసింగ్: కాయ నిలవదు, గింజ మొలవదు

మిద్దెతోట_నల్గొండ

నాటు గులాబీ వాసన, ఏడాదంతా పూత, మన ఎండకు ఓర్చుకునే మొక్క. ఈ మూడూ ఒకదాంట్లో రావాలని క్రాసింగ్ (ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వు మీద వేసి గింజ కట్టించడం) చేస్తున్నాను. నా దగ్గరున్న గులాబీలు: సంతలో పన్నీరు గులాబీ అని ఇచ్చిన గుత్తిపూల రకం, హిమాచల్ నుంచి తెప్పించిన డమాస్క్, పాపా మెయాన్, గ్రుస్ ఆన్ టెప్లిట్జ్, పేరు తెలియని లేత గులాబిరంగు ఫ్లోరిబండా (గుత్తిగా పూసే రకం) ఒకటి. అన్నీ 14 అంగుళాల కుండీల్లో ఉన్నాయి, పోసేది బోరు నీళ్ళు.

సందేహాలు మూడు. డమాస్క్ ఏపుగా పెరుగుతోంది కానీ మొగ్గ తొడగడం లేదు. ఫిబ్రవరి చివర, మార్చిలో చేసిన క్రాసులకు కాయ పట్టినట్టే పట్టి, మూడో వారానికి తొడిమ పసుపెక్కి రాలిపోతోంది. పాపా మెయాన్‌ను తల్లిగా (కాయ మోసే మొక్కగా) పెట్టినవైతే ఒక్కటీ నిలవలేదు. నిలిచిన కొద్ది కాయల్లోంచి తీసిన గింజలు జూన్‌లో విత్తితే మొలక లేదు. తేడా ఎక్కడుంది?

ముళ్ళకంచె

మీ చేతిపనిలో కంటే క్యాలెండర్‌లోనే తేడా ఎక్కువ ఉందండీ.

ముందు డమాస్క్ సంగతి. అది చలికి ఆకు రాల్చి, నిద్రపోయి లేస్తేనే పూసే మొక్క. పుష్కర్‌లోనూ చైత్రంలోనే కోస్తారు, ఏడాదికి ఒక్క విడత. నల్గొండ చలి దానికి ఆనదు. పైగా అది పోయినేడు పెరిగిన కొమ్మ మీద పూస్తుంది. పాపా మెయాన్ లాంటి హైబ్రిడ్ టీలతో (కొమ్మకో పెద్ద పువ్వు పూసే రకాలు) పాటు దాన్నీ అక్టోబరులో కత్తిరిస్తే పూత మొత్తం కత్తెరకే పోతుంది. అసలు కత్తిరించకండి. పొడుగు కొమ్మల్ని వంచి, కుండీ అంచుకు గుండ్రంగా కట్టండి. డిసెంబరులో నీళ్ళు సగానికి తగ్గించి ఆకు మొత్తం దూసెయ్యండి. ఫిబ్రవరిలో నాలుగు పూలు పూసినా చాలు, మీకు కావలసింది పుప్పొడే కదా.

ఇక కాయ రాలడం. ఫిబ్రవరి చివర్లో క్రాస్ చేస్తే ఆ కాయ పెరగాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. కాయ పండడానికి దాదాపు నాలుగు నెలలు కావాలి, ఆ ఎండకు మొక్క దాన్ని వదిలించుకుంటుంది. పగలు 32 డిగ్రీలు దాటాక పుప్పొడి సత్తువ కూడా పడిపోతుంది. దసరా నాటికి కత్తిరింపు అయిపోవాలి. నలభై అయిదు, యాభై రోజులకు పూత వస్తుంది. నవంబరు మధ్య నుంచి డిసెంబరు నెలాఖరు దాకానే క్రాసులు చెయ్యండి. ఏప్రిల్ మొదటికి కాయ రంగు తిరుగుతుంది. ఫిబ్రవరి ఆఖరు నుంచి 50 శాతం షేడ్ నెట్ కింద పెడితే చాలు.

పని చేసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. సాధారణంగా తప్పేవి మాత్రం రాస్తున్నా:

మొగ్గను పట్టుకోవలసిన అదను: రక్షకపత్రాలు వెనక్కి విరిగి, బయటి రేకు ఒకటి వదులై, లోపలివి ఇంకా చుట్టుకుని ఉన్నప్పుడు. ఎండెక్కితే ఆ మొగ్గలోపలే తిత్తులు పగిలి సొంత పుప్పొడి పడిపోతుంది. అందుకే ముందురోజు సాయంత్రమో, తెల్లవారి ఆరింటిలోపో చెయ్యాలి. రేకులన్నీ మెలిపెట్టి లాగెయ్యండి. రేకు మొదలు ముక్క ఒక్కటి మిగిలినా అక్కడే బూజు మొదలై కాయలోకి దిగుతుంది. పసుపు తిత్తుల్ని ట్వీజర్‌తో ఒక్కొక్కటే తియ్యండి, తర్వాత భూతద్దంతో చూడండి. వెన్నకాగితం సంచి కట్టండి. పాలిథిన్ వద్దు, లోపల చెమ్మపట్టి ఉడికిపోతుంది.

మగమొక్క తిత్తుల్ని తెల్లకాగితం మీద నీడన ఒక పగలు, ఒక రాత్రి ఉంచితే పొడి రాలుతుంది. అప్పటికి తల్లిపువ్వు కీలాగ్రాలు (పువ్వు నడుమ పుప్పొడి పట్టే కొసలు) జిగటగా మెరుస్తుంటాయి. వేలికొసతో అద్దండి, మర్నాడు పొద్దున మరోసారి అద్దండి. రకం మారినప్పుడల్లా వేలు స్పిరిట్‌తో తుడవాలి. చీటీ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీ, అన్నీ పెన్సిల్‌తో రాయండి. జెల్ పెన్ను రాత ఒక్క మంచుకే కరిగిపోతుంది.

డమాస్క్ పుప్పొడి ఫిబ్రవరిలో వస్తుంది, క్రాసు కాలం నవంబరు. అందుకని తిత్తుల పొడిని చిన్న కాగితం పొట్లంలో కట్టి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. వాడే ముందు బతికుందో లేదో చూసుకోవడం మంచిది. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 15 గ్రాముల పంచదార, 10 మిల్లీగ్రాముల బోరిక్ ఆమ్లం కలిపి, ఒక చుక్కలో పొడి చల్లి, రెండు మూడు గంటలయ్యాక మైక్రోస్కోపులో చూడండి. 100 రెట్లు పెంచి చూపించే పిల్లల మైక్రోస్కోపు సరిపోతుంది. పుప్పొడి రేణువుకో తోకలాగా నాళం సాగితే పనికొస్తుంది.

పాపా మెయాన్‌ను తండ్రిగానే వాడండి. తల్లిని ఎన్నుకోవడానికి పుస్తకాలు అక్కర్లేదు. మీ మేడ మీద తేనెటీగల పుణ్యాన దానంతటదే కాయ పట్టి, ఆ కాయ పండేదాకా నిలుపుకున్న మొక్క ఏదో చూడండి. అదే తల్లి.

కడియం_అంటు

పైన చెప్పిన దానికి ఒక్క మాట కలుపుతా. మీ పన్నీరు గులాబీ డమాస్క్ కాదు. గుత్తిగా, మళ్ళీ మళ్ళీ పూస్తోందంటే అది ఎడ్వర్డ్ గులాబీ, బోర్బన్ జాతి. డమాస్క్‌కి సన్నవీ లావువీ కలిసి లెక్కలేనన్ని ముళ్ళు, ఆకు అడుగున నూగు, కాయ పొడుగు. ఎడ్వర్డ్‌కి ముళ్ళు తక్కువ, కొక్కెంలా వంగి ఉంటాయి. కాయ పడితే గుండ్రంగా ఉంటుంది. మన నర్సరీల్లో రెండింటినీ పన్నీరు అనే అమ్మేస్తారు.

బోర్బన్ అంటే ఇప్పటి రీయూనియన్ దీవి. చైనా గులాబీ, శరత్కాలపు డమాస్క్ కంచెల్లో కలిసి అక్కడే పుట్టింది. 1819 ప్రాంతంలో బ్రియోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ గింజలు పారిస్ పంపించాకే యూరప్‌లో బోర్బన్‌లు మొదలయ్యాయి. మీరు కోరుకునే మళ్ళీమళ్ళీ పూసే గుణం, డమాస్క్ వాసన అందులో ఇప్పటికే కలిసి ఉన్నాయి. హిమాచల్ మొక్క కోసం అంత ఆరాటం దేనికి?

ఎడ్వర్డ్‌ను కొమ్మతోనే పెంచుకోవచ్చు. పెన్సిల్ మందం, ఆరేడు అంగుళాలు, నాలుగు కణుపులు, కింది కోత కణుపుకి ఆనుకుని. వేళ్ళు పుట్టించే ఐబీఏ పొడి అద్ది ఇసుకలో గుచ్చితే ఆషాఢ శ్రావణాల్లో, మళ్ళీ డిసెంబరులో బాగా వేళ్ళు వస్తాయి. ఏప్రిల్‌లో వద్దు.

మిద్దెతోట_నల్గొండ

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఎడ్వర్డ్‌కి కాయలు చాలా అరుదు, అందుకే దాన్ని పక్కన పెట్టాను. మరి డమాస్క్ పుప్పొడి ఫ్లోరిబండా మీద వేస్తే వచ్చే పిల్లలు పూసేది ఎప్పుడు? గింజల సంగతి కూడా చెప్పండి.

ముళ్ళకంచె

మొదటి తరం పిల్లలు మొదటి ఏడు పూయవు. పూసినా ఏడాదికి ఒక్కసారే. మళ్ళీమళ్ళీ పూసే గుణం అణిగి ఉండేది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. ఆ పిల్లను మళ్ళీ ఏడాదంతా పూసే రకంతో కలిపితే, రెండో తరంలో కొన్ని మళ్ళీ పూస్తాయి. ఇంగ్లండ్‌లో కొత్త గులాబీలు తీసిన డేవిడ్ ఆస్టిన్ 1961లో తెచ్చిన కాన్‌స్టన్స్ స్ప్రై ఇలాంటిదే. బెల్ ఇసిస్ అనే పాత గాలికా జాతి గులాబీ మీద డెయింటీ మెయిడ్ ఫ్లోరిబండా వేస్తే పుట్టింది, ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. మళ్ళీ పూసే ఆయన ఇంగ్లీషు గులాబీలు తర్వాతి తరాల్లో వచ్చాయి. అంటే డమాస్క్ దారిలో వెళ్తే కనీసం రెండు తరాలు, నాలుగైదేళ్ళు పడుతుంది. ఆ ఓపిక ఉంటేనే దిగండి.

ఎడ్వర్డ్ కాయ పట్టకపోతే దాని పుప్పొడి వాడి చూడండి, పైన చెప్పిన పంచదార నీళ్ళ పరీక్ష ముందుగా చేసి. క్రోమోజోముల లెక్క కూడా గుర్తుంచుకోండి. డమాస్క్‌కి 28, హైబ్రిడ్ టీలు ఎక్కువగా 28, చైనా గులాబీలు 14. 14ని 28తో కలిపితే ఒక్కోదాంట్లోంచి సగం చొప్పున పిల్లకు 21 వస్తుంది, అలాంటి మొక్కలు చాలావరకు గొడ్డువే.

గింజలకు జూన్ అసలు కుదరదు. కాయ నారింజ రంగుకి తిరిగాక కోసి, చుట్టూ బ్లేడుతో గాటు పెట్టి విడదియ్యండి. గింజ మీద గుజ్జు, నూగు పోయేదాకా కడగండి, మొలకను ఆపే పదార్థం ఆ పెంకులో, పైపొరల్లోనే ఉంటుంది. నీడన ఆరబెట్టి కాగితం కవరులో ఫ్రిజ్ కింది అరలో ఆగస్టు దాకా ఉంచండి. ఆగస్టు చివర మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో గంటసేపు నానబెట్టి, తడిపి గట్టిగా పిండిన టిష్యూలో చుట్టి, జిప్ కవరులో మళ్ళీ ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీల దగ్గర పెట్టండి. ఎనిమిది నుంచి పది వారాలు. ఫ్రీజర్‌లో పెడితే చస్తాయి. పదిహేను రోజులకోసారి తెరిచి బూజు చూసుకోండి. నవంబరు మొదట్లో, రాత్రి చల్లబడ్డాక, రెండు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు పెర్లైట్ కలిపి సెంటీమీటరు లోతున విత్తండి. మూడో వారం నుంచి రెండు నెలల దాకా ఒక్కొక్కటే లేస్తాయి. పగలు వేడి బాగా పెరిగితే లేవాల్సినవి కూడా ఆగిపోతాయి. నీళ్ళలో తేలే గింజలు పారెయ్యమంటారు. నేనైతే పారెయ్యను, వాటిలోనూ కొన్ని మొలుస్తాయి.

సుగంధి

అందరూ మొలిపించడం చెప్పారు, వాసన ఎలా పట్టుకోవాలో ఎవరూ రాయలేదు.

వాసన గల రెండిటిని కలిపితే వాసన గ్యారంటీ అనుకోవద్దు. 2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు వాసన నిండుగా ఉన్న పాపా మెయాన్‌ను, వాసన అంతగా లేని రూజ్ మెయాన్‌తో పోల్చి చూశారు. గులాబీకి వాసననిచ్చే జెరానియాల్ తయారవడానికి ఎన్‌యూడీఎక్స్1 అనే ఎంజైమ్ కారణమని తేల్చారు. జెరానియాల్, ఫినైల్ ఇథనాల్ లాంటి వాసన పదార్థాలు వేర్వేరు దారుల్లో తయారవుతాయి. ఇవన్నీ ఒక్క పిల్లలో కలిసి రావాలంటే పిల్లల సంఖ్య ఉండాలి. పది క్రాసులు పది రకాలుగా చెయ్యడం కంటే ఒకే క్రాస్‌ను ఇరవై పూల మీద చెయ్యండి.

ఏడాదంతా పూసే తల్లిదండ్రుల పిల్లలు మొలిచిన రెండు నెలలకే రూపాయి బిళ్ళంత పువ్వు చూపిస్తాయి. ఆ పువ్వు చూసి రంగు చెప్పొచ్చు, వాసన చెప్పలేం. మూడో పూత దాకా ఆగండి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య, సగం విచ్చిన పువ్వు రెండు రేకులు మూత ఉన్న గాజుసీసాలో వేసి పది నిమిషాలకు తెరిచి వాసన చూడండి. మధ్యాహ్నం చూస్తే అన్నీ ఒకటే, మన ఎండకు పదింటికల్లా నూనె ఎగిరిపోతుంది. వాసన ఉండి బూడిద తెగులు, నల్లమచ్చ పట్టేవాటిని మందు కొట్టి కాపాడకండి. ఆకు నిలవకపోతే తీసెయ్యండి. పాపా మెయాన్ పిల్లల్లో ఇవి ఎక్కువే తీసెయ్యాల్సి వస్తుంది.

ఇంకొక సంగతి. ఎండకు ఓర్చుకోవాలంటే డమాస్క్ వైపు చూడటమే సరికాదనుకుంటా. కొడైకెనాల్‌లో వీరరాఘవన్ గారు (ఆంధ్రా కేడర్ ఐఏఎస్, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు) వెచ్చని ప్రాంతాలకు పనికొచ్చే గులాబీల కోసం మణిపూర్ కొండల రోజా జైగాంటియా, బెంగాల్ తడినేలల రోజా క్లైనోఫిల్లా వాడారు. మన దేశపు జాతులే అవి. గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ మీ దగ్గరే ఉంది కదా, 1897 నాటి రకం, ఉత్తరాది వేడిని తట్టుకుని నిలిచింది. ఫ్లోరిబండా తల్లి, టెప్లిట్జ్ తండ్రి: మొదటి క్రాస్ ఇదే చెయ్యండి. డమాస్క్ పని పక్కన నెమ్మదిగా సాగనివ్వండి.

కడియం_అంటు

నచ్చిన పిల్లలు తేలాక సొంత వేళ్ళ మీద వదిలెయ్యకండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కన్ను అంటు కట్టండి, T ఆకారపు గాటు వేసి. అంటు కట్టే వేరుమొక్కగా, బోరు నీళ్ళకి ఎడ్వర్డ్ వేరు కంటే రోజా ఇండికా వేరు మేలు, సున్నపు నేలకు అది తట్టుకుంటుంది. ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఈడీటీఏ రకం ఇనుము మందు కొనకండి, పీహెచ్ 7 దాటిన (క్షారగుణం ఉన్న) మట్టిలో అది నిలవదు. ఈడీడీహెచ్‌ఏ రకం లీటరు నీళ్ళకు ఒక గ్రాము కలిపి సాయంత్రం పూట మొదట్లో పొయ్యండి.

కాయ మోస్తున్న మొక్కకు యూరియా ఆపెయ్యండి. కొత్త చిగురు పుట్టుకొస్తే కాయను వదిలేస్తుంది.